పుణ్యానికొచ్చిన బండికి పళ్లు లెక్కపెట్టండి

జూలై వచ్చిందంటే హైదరాబాద్ తార్నాకలో అమెరికా చదువుల కోసం ఇంటింటా సూట్‌కేసు తూకాలే. బాత్రూం స్కేలు మీద ముందు పిల్లాడొక్కడే ఎక్కుతాడు, తర్వాత సూట్‌కేసు ఎత్తుకుని ఎక్కుతాడు. తీసివేత చేసి, 23 కిలోలు దాటితే ఆవకాయ బయటికి, దాటకపోతే లోపలికి. ఈసారి సెలవులకు నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడకకు వెళ్తే, ఆర్ట్స్ కాలేజీ ముందు మా గల్లీ కుర్రాడే ఒకడు ఎదురొచ్చి ఫోన్ చూపించాడు.

"అన్నా, టెక్సాస్ డెంటన్‌ల మా సీనియర్ మోటార్‌హోమ్ ఫ్రీగ ఇస్తుండట. నలుగురం అండ్లనే ఉంటం. కిరాయి బాధే లేదు."

ఫొటోలో తెల్లటి బండి, పక్కన గోధుమరంగు చారలు, డ్రైవరు సీటు పైన ముందుకు తోసుకొచ్చిన మంచం గది. ఫోర్డ్ ఈ-350 మీద కట్టిన క్లాస్ సీ. నాకు ఒళ్లు మండింది. అక్కడ మాకు ఊరికే వచ్చిన బండిదీ అదే ఊరు, అదే మోడలు, అవే మాటలు. మేం దాటొచ్చిన గోతిలోకే వరుసగా దూకుతున్నారు, పైగా నవ్వుతూ.

వెళ్లేవాళ్లకి మిగతా విషయాలు ముందే చెప్పేస్తాను, వాటిలో కష్టమేం లేదు. ఐ-20, పాస్‌పోర్టు చేతిసంచిలో పెట్టుకోండి. బ్యాంకు ఖాతా, ఫోన్ సిమ్ మొదటి వారంలోనే అయిపోతాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు క్యాంపస్‌లో ఉద్యోగం దొరికాక అడగండి, ముందే వెళ్లి వరుసలో నిలబడొద్దు. కుక్కరు తీసుకెళ్లండి. కందిపప్పు మొయ్యొద్దు, డాలస్ చుట్టుపక్కల దొరకని పప్పు లేదు. అంతే.

ఇక బండి.

ఇందులో వంటపొయ్యి, ఫ్రిజ్, మంచాలు, చిన్న బాత్రూం, నీళ్ల ట్యాంకు, మురుగు ట్యాంకు, పైన ఏసీ, కింద గ్యాసు ట్యాంకు అన్నీ ఉంటాయి. చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే ఇంత ఉన్న బండిని ఎవడైనా ఊరికే ఎందుకిస్తాడో కాస్త ఆలోచించండి. మన దగ్గర పాత ఇనుముకి ఎదురు డబ్బులిస్తారు. లాలాపేటలో తుక్కు కొట్టు ముందు పాత కూలర్ దింపినా చేతిలో నోటు పెడతాడు. అమెరికాలో పాత మోటార్‌హోమ్ అంటే ఎక్కువగా చెక్క, ఫైబర్‌గ్లాస్, ఫోము, ఇనుము తక్కువ. చాలా తుక్కుయార్డులు తీసుకోవు, తీసుకున్నా మన దగ్గరే డబ్బు గుంజుతాయి. ఇంటి ముందు నిలిపితే ఇళ్ల సంఘం నోటీసు, బయట స్థలం అద్దెకు తీసుకుంటే నెలనెలా బిల్లు. కాబట్టి ఇచ్చేవాడు మీకు కానుక ఇవ్వట్లేదు, తన బిల్లు మీ పేరు మీదికి మారుస్తున్నాడు. ఈ మాట గోడమీద రాసిపెట్టుకోండి.

మాకు ఇచ్చింది ఒక ముసలాయన, చాలా మంచివాడు. తాళం తిప్పగానే ఇంజను గుర్రుమంది. ముగ్గురం మెకానికల్ చదివినవాళ్లం, ఇంజను చప్పుడు వినగానే పొంగిపోయాం. బానెట్ ఎత్తి బెల్టులు చూశాం, ఆయిలు చూశాం, ఇంజనీర్లమని ఫొటోలు దిగాం. పైకప్పు ఎక్కి చూద్దామని ఒక్కడికీ తట్టలేదు. పైగా లోపల గోడలకు కొత్తగా అంటించిన పూలకాగితం చూసి, ఎంత శుభ్రంగా పెట్టుకున్నాడో అని మెచ్చుకున్నాం. పాత బండిలో ఒక్క మూలే కొత్తగా మెరుస్తుంటే, ఆ మూలే ఏదో దాస్తోందని అర్థం.

ఉత్తర టెక్సాస్ వసంతం ఎలా ఉంటుందో తెలియాలంటే అక్కడ ఒక రాత్రి గడపాలి. నిమ్మకాయంత వడగళ్లు, అడ్డంగా కొట్టే వాన. మొదటి పెద్ద వానకే సీటు పైన మంచం తడిసింది. ఏం పోయిందిలే అనుకుని, హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి సిలికాన్ ట్యూబులు తెచ్చి, అతుకుల మీద వేళ్లతో పూసేశాం. ఇక్కడ ఆగి ఇంకోసారి చదవండి: సిలికాన్ పూయకండి. ఆ కప్పు మీద పరిచేది ఈపీడీఎం అనే రబ్బరు పొర. దాని అతుకులకి తనంతట తాను పరుచుకునే ల్యాప్ సీలెంట్ అని వేరే ఉంటుంది. ఒకసారి సిలికాన్ తగిలిన చోట తర్వాత అసలు సీలెంట్ కూడా అంటుకోదు. గోకి గోకి తీయాలి. మేం ఎండలో బోర్లా పడుకుని గోకాం.

అయినా కారింది. అప్పుడు తార్నాకకి ఫోన్ చేశాను. మా పక్కింటి అంకుల్ లాలాగూడ రైల్వే క్యారేజ్ వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు. నిజాం రైల్వే కాలం నాటి వర్క్‌షాప్ అది. పెట్టెలు విప్పి, తుప్పు కోసి, కొత్త రేకు అతికి మళ్లీ పట్టాల మీదికి పంపడమే ఆయన బతుకంతా. నేను ఇంజను గురించి, గేరు గురించి చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపేశారు.

"అరే బేటా, పెట్టె చావు చక్రాల కాడ మొదలు గాదు. లెట్రిన్ కాడ, తలుపు కాడ మొదలైతది. నీళ్లు యాడ నిలుస్తయో ఆడ వేలు పెట్టి ఒత్తు. ఇంజన్ది తర్వాత చూస్కోవచ్చు."

బాత్రూం సింకు కింద అల్మరా తెరిచి వెనక చెక్కని బొటనవేలితో ఒత్తాను. టీలో ముంచిన రస్కులా వేలు లోపలికి దిగిపోయింది. ఆ గోడకు అవతల ఫైబర్‌గ్లాస్ తెల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది. ఇవతల పూలకాగితం. మధ్యలో నిలబెట్టాల్సిన చెక్క చట్రం లేనే లేదు. మంచం గది కింద విప్పితే అక్కడా అంతే. అంటే మా తలల మీది గదిని మోస్తున్నది అలవాటు తప్ప ఇంకేం కాదు.

కాబట్టి ఇంజను చప్పుడుకి మురవకండి. ఇంజను చెడితే కనీసం చెడిందని తెలుస్తుంది. ఆ ఫోర్డ్ ఇంజన్లకి విడిభాగాలు దొరుకుతాయి, చూడగలిగే మనిషి ఎక్కడో ఒకచోట ఉంటాడు. చెక్క కుళ్లితే ఆ పని తీసుకునే షాపు దొరకదు, దొరికినా గంటకి వాళ్లడిగే కూలి వింటే మీ సెమిస్టర్ ఫీజు గుర్తొస్తుంది. రెండు సూదుల తేమ మీటరు హార్డ్‌వేర్ కొట్లో ముప్పై నలభై డాలర్లకి దొరుకుతుంది. కొనుక్కుని, లేదా అడుక్కుని, ప్రతి కిటికీ కింది మూల, కప్పు గోడని కలిసే అంచు, మంచం గది ముందు కిటికీ, వెనక గోడ, షవరు చుట్టూ గుచ్చి చూడండి. బయట గోడకి ఒక చివర నిలబడి, ఎండ పక్కవాటుగా పడేటప్పుడు చూపు సారించండి. ఎక్కడైనా ఉబ్బుంటే ఫైబర్‌గ్లాస్ చెక్కని వదిలేసిందన్నమాట. ముక్కు కూడా వాడండి. తలుపు తీయగానే తడి గోనెసంచి వాసన వస్తే అక్కడే దండం పెట్టి వెనక్కి రండి. మొహమాటపడి చచ్చేది మనవాళ్లే. సీనియర్ ఏమనుకుంటాడో అని పుచ్చిన బండిని నెత్తికెత్తుకున్నవాళ్లు నాకు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.

ఆ బండి ఎక్కడో ఊరి చివర నిలిపాం. రాత్రిపూట గూడ్సు బండ్లు కూత వేసుకుంటూ పోయేవి. నిద్రపట్టక పడుకుంటే, ఉస్మానియా హాస్టల్లో వినిపించే ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ దాటే లోకల్ చప్పుడు గుర్తొచ్చేది. జామై ఉస్మానియా, విద్యానగర్ అని మనసు తనంతట తానే స్టేషన్లు చదువుకుంటూ పోయేది. తార్నాక చౌరస్తా దగ్గర మా నాన్న స్కూటరు చూసే మెకానిక్ ఉండేవాడు. ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరిచి, ఇంజను భాగాలు ఒక్కోటీ దాని మీద పేర్చి, మధ్యలో చాయ్ తాగి, సాయంత్రానికి మళ్లీ బిగించేవాడు. ఏదైనా బాగవుతుందనే ధైర్యం మనకి అక్కడే అబ్బింది. ఆ ధైర్యం తప్పని అనను. కానీ ఆ ధైర్యం వెనక ఆ మనిషి ఉన్నాడు, రాణీగంజ్‌లో దొరకని నట్టు లేదు, అదీ కుదరకపోతే పక్కింటివాళ్లు తోసేవారు. డెంటన్‌లో మీరూ ఒక యూట్యూబ్ వీడియో, అంతే.

కాగితాల సంగతి. టైటిల్, అంటే బండి ఎవరిదో చెప్పే పత్రం, లేకుండా ఆ బండిని ముట్టుకోవద్దు. టైటిల్ మీద ఉన్న పేరు మీకిస్తున్న మనిషిదేనా చూడండి. మన సీనియర్లలో ఒక దరిద్రపు అలవాటుంది: తమ పేరు మీదికి మార్చుకోకుండా, పాత యజమాని సంతకం పెట్టిన టైటిల్‌నే చేతులు మార్చేస్తారు. అది చట్టం ఒప్పుకోదు, రేపు చలానా వచ్చినా ప్రమాదం జరిగినా తగువు మీదే. టైటిల్ మీద నంబరూ బండి మీద నంబరూ ఒకటేనా, అప్పు ఏదైనా మిగిలుందా చూసుకోండి. దొంగబండిగా నమోదైందేమో బీమా నేరాలు చూసే ఎన్‌ఐసీబీ వాళ్ల విన్‌చెక్‌లో ఉచితంగా తెలుస్తుంది. టెక్సాస్‌లో 30 రోజుల్లోగా కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో పేరు మార్పించాలి. కానుక అని రాస్తే 10 డాలర్లతో పోతుందని ఎవరో చెబుతారు. ఆ సదుపాయం తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తల్లాంటి దగ్గరివాళ్లకే. 'అన్న' అని పిలిచినంత మాత్రాన సీనియర్ తోబుట్టువైపోడు.

ఎక్కడ నిలుపుతారో తేలకుండా సరేనని అనొద్దు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కుదరదు, లీజు చదవండి. క్యాంపస్ పార్కింగ్‌లో పడుకోనివ్వరు. కాలిఫోర్నియాలో శాంటాక్రూజ్ యూనివర్సిటీ విద్యార్థుల కోసం క్యాంపర్ పార్కు నడిపిన మాట నిజమే, దాన్ని చూసి అన్నిచోట్లా ఉంటుందనుకోకండి. అదే రాష్ట్రంలో గూగుల్ ఊరు మౌంటెన్ వ్యూలో 2020లో ఓటర్లు ఇరుకు వీధుల్లో ఇలాంటి పెద్ద బండ్లు నిలపకూడదని తేల్చారు. ఆర్‌వీ పార్కులో చోటు తీసుకుందామంటే, పదేళ్లు దాటిన బండ్లని రానివ్వని పార్కులు బోలెడు. దొరికినా దాని అద్దె ఉంటుంది. నలుగురు పంచుకునే అపార్ట్‌మెంట్ గదితో పోల్చి లెక్క వేయండి, కిరాయి బాధ లేదన్న మాట అక్కడే ఆవిరైపోతుంది. ఇంకోటి, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఇల్లు మారితే 10 రోజుల్లోగా యూనివర్సిటీకి చెప్పాలి. చక్రాల మీదున్న ఇంటికి ఏ అడ్రసు రాస్తారు? అందులో బిర్యానీ వండి అమ్ముదామనే మహానుభావులు కూడా తగిలారు నాకు. వీసా పోగొట్టుకోవడానికి అంతకన్నా రుచికరమైన దారి లేదు.

టైర్ల మీద గీతలు బాగున్నాయని నమ్మొద్దు. పక్కన డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2315 అంటే 2015లో 23వ వారం. నిలిపి ఉంచిన బండి టైరు అరగదు, లోలోపల ఎండిపోతుంది, హైవే మీద పేలుతుంది. వెనక జంట చక్రాలు కలుపుకుని మొత్తం ఆరు కొనాలి. ఇక మైలేజీ గ్యాలనుకి 8 నుంచి 10 మైళ్లు, మన లెక్కలో లీటరుకి ఇంచుమించు నాలుగు కిలోమీటర్లే.

గ్యాసు విషయంలో మాత్రం ఎగతాళి వద్దు. సిలిండరు మార్చాక సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయా అని మీ అమ్మ చూస్తుంది కదా, అదే పని ప్రతి జాయింటుకీ చేయండి. గ్యాసు డిటెక్టరు, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టరు వెనక తేదీ ఉంటుంది. తేదీ దాటితే అవి గోడకి అలంకారమే. చలికాలంలో వెచ్చగా ఉంటుందని పొయ్యి వెలిగించి కిటికీలు మూసి పడుకోవద్దు. దీనికి రెండో అవకాశం ఉండదు.

అయితే అసలు తీసుకోనే కూడదా? తీసుకోవచ్చు. కప్పు పొడిగా ఉండి, చెక్క గట్టిగా ఉండి, టైటిల్ ఇచ్చేవాడి పేరు మీదే ఉండి, నిలపడానికి రాతపూర్వకంగా చోటు దొరికి, ఉండటానికి వేరే గది ఉండి, సెలవుల్లో తిరగడానికి అనుకుంటే సరదాగానే ఉంటుంది. ఆరు నెలలకోసారి పైకెక్కి అతుకులు చూసే ఓపిక కూడా ఉండాలి. ఉన్న ఒక్క నీడా అదే అయితే వద్దు. మొదటి సెమిస్టర్‌లో అసలే వద్దు. మా బండి చివరికి ఏమైందంటే, లాక్కెళ్లడానికి ఒకడికి, పారేయడానికి ఇంకొకడికి డబ్బులిచ్చి వదిలించుకున్నాం. ముగ్గురిలో ఒకడు ఇప్పటికీ ఆ లెక్క తేల్చలేదు. వాడు ఇది చదువుతాడు, చదవాలనే రాస్తున్నాను.

ఆర్ట్స్ కాలేజీ ముందు ఆ తమ్ముడికి ఇదంతా చెప్పలేదు, అంత టైమ్ లేదు. మీ సీనియర్‌ని వీడియో తీయమను అన్నాను. ఇంజను వద్దు. నిచ్చెనెక్కి కప్పు, మంచం గది మూలలు, టైర్ల మీద అంకెలు, టైటిల్ రెండు వైపులా, బాత్రూం సింకు కింద అల్మరా తలుపు తీసి వెనక చెక్కని వేలితో ఒత్తుతూ. వారమైంది, ఇంజను చప్పుడు వీడియో ఒక్కటే వచ్చింది.