ముందు హారన్ కొట్టి చూడండి

తిరుపతిలో ఒక కార్ల షెడ్డు. కొండకు బాడుగకు తిరిగే టాక్సీ ఒకటి వచ్చి ఆగింది. స్టీరింగ్ మీది సౌండు బటన్లు పనిచేయడం లేదన్నాడు డ్రైవరు. కొత్తగా చేరిన కుర్రాడు వెంటనే స్క్రూడ్రైవర్ అందుకుని స్టీరియో ఊడదీయబోయాడు. పెద్ద మేస్త్రీ వాణ్ణి ఆపి డ్రైవర్ని అడిగాడు:

"హారన్ మోగతా ఉందా?"

"ఒక్కోసారి మోగదన్నా. వంపుల్లో తిప్పేటప్పుడే పోతా ఉంది."

"ఎయిర్‌బ్యాగ్ లైటు?"

"నాలుగు దినాలుగా వెలగతానే ఉంది."

"అయితే స్టీరియో జోలికి పోవద్దురా అబ్బయ్యా."

ఆటోమొబైల్ ఉద్యోగాల గురించి అడిగే విద్యార్థులకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే. ఆ మేస్త్రీ అప్పటికి బండి మీద చెయ్యి కూడా వేయలేదు.

స్టీరింగ్ చక్రం తిరుగుతుంది, దాన్ని మోసే గొట్టం తిరగదు. ఈ రెంటి మధ్య కరెంటు తెగకుండా పోవడానికి గడియారం స్ప్రింగులా చుట్టిన పల్చటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. దాన్నే క్లాక్ స్ప్రింగ్ అంటారు. చాలా కార్లలో బటన్లు, హారన్, ఎయిర్‌బ్యాగ్ మూడింటికీ దారి అదే. మూడూ కలిసి మొరాయిస్తే అనుమానం దాని మీదికే పోవాలి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో రోజూ ఎక్కి దిగే టాక్సీలో ఆ రిబ్బన్ ఎన్నిసార్లు చుట్టుకుని విప్పుకుంటుందో ఊహించండి!

హారన్ బాగానే ఉండి, ఒక్క బటనే పలకకపోతే కథ వేరు. పాత పద్ధతి కార్లలో బటన్లన్నిటికీ కలిపి ఒకటో రెండో వైర్లే ఉంటాయి. ఒక్కో బటన్ వెనక ఒక్కో విలువ గల రెసిస్టర్ ఉంటుంది. ఏది నొక్కితే ఎంత వోల్టేజీ మారిందో చూసి స్టీరియో దాన్ని గుర్తుపడుతుంది. లోపలి కాంటాక్టుకు మురికి పడితే రెసిస్టెన్స్ మారిపోతుంది. సౌండు పెంచమంటే పాట మారేది అందుకే. స్టీరియో మార్పించిన మర్నాటి నుంచే బటన్లు పోయాయంటే చాలాసార్లు బటన్ల తప్పు ఉండదు, కొత్త స్టీరియోకు వాటిని నేర్పించలేదంతే. ఇప్పటి మోడళ్లలో చాలావాటిలో బటన్ల కబురు లిన్, క్యాన్ అనే, బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే లైన్ల మీద డిజిటల్‌గా పోతుంది. అక్కడ స్కానర్ పెట్టి, బటన్ నొక్కుతూ లైవ్ డేటా చదవాలి.

ఒక్కచోట మాత్రం ధైర్యం పనికిరాదు. చక్రం విప్పేముందు టైర్లు తిన్నగా పెట్టి, బ్యాటరీ మైనస్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. పసుపుపచ్చ ఎయిర్‌బ్యాగ్ కప్లర్‌లో మల్టీమీటర్ పెట్టకూడదు. మీటర్ పంపే కాస్త కరెంటుకే బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. కొత్త క్లాక్ స్ప్రింగును నడిమధ్యకు సరిచేయకుండా బిగిస్తే, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు రిబ్బన్ తెగుతుంది.

మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఆ బండ్లు వారంటీ దాటి బయటి షెడ్లకు వస్తున్నాయి. ఇంజిన్ దించగలిగే చేతులు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి. వైరింగ్ డయాగ్రమ్ చదవగలిగే కళ్లే తక్కువ.

పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు. ఎలక్ట్రీషియన్ చదివినవాళ్లూ ఇటు రావచ్చు, నిజానికి వాళ్లకు ఓమ్స్ లా అంటే భయం ఉండదు. ఆపైన 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో పని నేర్చుకునే వీలుంది. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు ప్లాంటు 2016లో మొదలైంది, కాబట్టి ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం జిల్లా దాటాల్సిన పని లేదు. అయినా నా మాట అడిగితే, మొదటి రెండేళ్లు సర్వీస్ వర్క్‌షాపులోనే గడపమంటాను. ఫ్యాక్టరీ లైన్‌లో రోజంతా మంచి బండ్లే కనిపిస్తాయి. చెడిన బండి ఎలా ఉంటుందో అక్కడ తెలియదు.

స్కానర్ కొనడానికి అప్పు చేయకండి. మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. పాత బండ్ల సామాన్ల అంగడికి పోయి విడిగా దొరికే స్టీరింగ్ స్విచ్ ఒకటి తెచ్చుకోండి. అందులో ఎయిర్‌బ్యాగ్ ఉండదు గనుక భయం లేదు. ఒక్కో బటన్ పదిసార్లు నొక్కి, వచ్చిన ఓమ్స్ నోట్‌బుక్‌లో రాయండి. ఒకే బటన్ పదిసార్లూ పదిరకాలుగా చూపిస్తే దాన్ని విప్పండి. లోపల నల్లబడిన కాంటాక్టు కనిపించవచ్చు. తుడిచి, ఆరబెట్టి, బిగించి, మళ్లీ పదిసార్లు కొలవండి.