బేరింగు మార్చుటకు ముందు

రాజమహేంద్రవరము

చిరంజీవియగు మేనల్లునికి మేనమామ ఆశీర్వదించి వ్రాయు జాబు.

నాయనా, నీ జాబు మొన్న అందినది. అంగడి తెఱచిన తొలి వేసవియందే ఫ్యానుల మరమ్మతుతో నీకు తీరిక దొరకకున్నదని విని మీ అత్తయ్యయు నేనును మిక్కిలి సంతసించితిమి. అయితే బస్టాండు ప్రక్క టిఫిన్ హోటలు వారి ఫ్యానుకు ఈ యేడు రెండుమార్లు బేరింగులు మార్చినను అది మరల మోతతో తిరిగివచ్చినదనియు, సరుకు నకిలీదై యుండునని నీకు తోచుచున్నదనియు జాబు చివర నీవు వ్రాసిన మాట నన్ను ఆలోచింపజేసినది. బజారులో నకిలీ సరుకు లేకపోలేదు. కాని ఒకే ఫ్యానులో వరుసగా రెండు జతలు ఒకే తీరున పాడైనప్పుడు, మూడవ జతకై పరుగెత్తుటకు ముందు ఆ బేరింగు ఏ వేడిలో, ఏ అదురులో పనిచేయుచున్నదో విచారింపవలయునని నా దృఢమైన అభిప్రాయము. ఆ విచారణ ఎట్లు చేయవలయునో ఈ జాబులో వివరముగా వ్రాయుచున్నాను, ఓపికతో చదువుము.

నీవు వేయు 6202 బేరింగును చేతిలోనికి తీసికొని చూడుము. లోపలి రంధ్రము 15 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 35, మందము 11. ఇంత చిన్న వస్తువు తిరుగుచు ఏడువందల కిలోలకు మించిన భారమును తట్టుకొనునట్లు నిర్మింపబడినది. మన ఫ్యాను బరువో, రెక్కలతో కలిపి నాలుగైదు కిలోలు. నిమిషమునకు 360 చుట్ల చొప్పున దినమునకు పండ్రెండు గంటలు తిరిగినచో రెండున్నర లక్షల చుట్లకు పైబడును గనుక, పని తక్కువయని చెప్పజాలము; అయినను అంత బలము గల ఉక్కును అంత కొద్ది బరువు ఆరు నెలలలో అరగదీయుట అసంభవము. కాబట్టి దానిని చంపినది మఱియొకటి యున్నదని గ్రహింపుము.

మొదటిది వేడి. సీలింగు ఫ్యానులో షాఫ్టు తిరుగదని నీకు తెలియును. వైండింగు గల స్టేటరు ఆ షాఫ్టును అంటిపెట్టుకొని కదలక యుండగా, దానిని కప్పిన గుండ్రని డొప్పయే రెక్కలతో కూడ తిరుగుచుండును. అందుచేత వైండింగులో పుట్టిన వేడి షాఫ్టు గుండ తిన్నగా బేరింగు లోపలి వలయమునకు చేరును. వెలుపలి వలయమునకు డొప్ప మీదుగా కొంత గాలి సోకును గాని లోపలి దానికి ఆ భాగ్యము లేదు. లోపలిది వ్యాకోచించి, గుండ్లకు తిరుగుటకై విడిచిన సందు ఇరుకగును. సి3 అను గుర్తుగల బేరింగులలో ఆ సందు కొంచెము ఎక్కువగా విడువబడుట ఇట్టి స్థలములకే. అంతకంటె ముఖ్యమైనది గ్రీజు సంగతి: 70 డిగ్రీలు దాటిన పిమ్మట ప్రతి 15 డిగ్రీల హెచ్చునకు గ్రీజు ఆయువు సగమగునని బేరింగులు చేయువారు లెక్క కట్టియున్నారు. నూనె ఆవిరియై పోగా మిగిలిన పిప్పి గోధుమవన్నెతో గట్టిపడి గుండ్ల నడుమ పిడుచకట్టును. నీవు తీసి పారవేసిన ఆ పాత బేరింగు కప్పును గుండుసూదితో లేపి చూడుము. అట్టి పిప్పియే కనబడినచో, నేరము వేడిదని తీర్పు చెప్పవచ్చును.

ఆ వేడి యెచ్చటి నుండి వచ్చినదో తెలిసికొనుటయే నీ విద్య. ఫ్యాను వేగము చాలలేదని ఎవరో 2.5 మైక్రోఫారడుల కండెన్సరు స్థానమున 3.15 దానిని బిగించి యుండవచ్చును; గాలి కొంత హెచ్చునేమో గాని వైండింగు కాలుచుండును. కండెన్సరు బలము తగ్గినను చేటే, ఏలయనగా వేగము మందగించిన ఫ్యాను తన గాలితో తాను చల్లబడజాలదు. డొప్ప రంధ్రములు దుమ్ముతోను, సున్నపు తుంపరలతోను మూసికొనిపోవుట నేను అసంఖ్యాకముగా చూచితిని. ఇక హోటలు వారిది రేకుల కప్పు అని వ్రాసితివి. మధ్యాహ్నపు వేళ రేకును ఆనుకొనియున్న గాలి క్రిందివాడు పీల్చు గాలికంటె ఎంతయో వేడి. పొట్టి రాడ్డుతో ఫ్యానును ఆ వేడిలోనికే ఎక్కించిరేమో చూడుము. దోసెల పెనము కూడ దానికి చేరువలోనే యున్నచో, నూనె ఆవిరి లోపలికి దూరి దుమ్మును జిగురుగా మార్చును. అట్టి చోట ఇనుప కప్పుల బేరింగు చాలదు. రబ్బరు సీలుగల దానినే వేయుము.

రెండవది అదురు. దీనిని జనులు చాల తేలికగా తీసికొందురు. ఫ్యాను కొంచెము ఊగిన నేమి, గాలి వచ్చుచున్నది గదా యందురు. లెక్క చూడుము: ఒక రెక్క కొసన పది గ్రాముల బరువు ఎక్కువైనదనుకొనుము. మధ్య నుండి అరువది సెంటీమీటర్ల దూరమున, నిమిషమునకు 360 చుట్ల వేగములో, ఆ పది గ్రాములు సుమారు 870 గ్రాముల బరువుతో ఫ్యానును ప్రక్కకు లాగును. ఆ లాగుడు సెకనునకు ఆరుమార్లు చుట్టి వచ్చును. పైగా వెలుపలి వలయము రెక్కలతో కలిసి తిరుగునది గనుక ఆ పోటు ఎల్లప్పుడు దాని మీద ఒకే తావున పడుచుండును. ఆ యదురునకు డొప్పలోని బేరింగు గూడు క్రమముగా వదులై, వలయము గూటిలోనే జారి తిరుగసాగును. అప్పుడు కొందఱు గూటిలోపల పంచితో చుక్కలు కొట్టి బిగువు తెప్పింతురు. నాయనా, ఆ పని నీవు ఎన్నడును చేయకుము. ఆ చుక్కల కొనలు నెల తిరుగకుండ అణగిపోవును. స్టేటరునకు, రోటరునకు నడుమ అర మిల్లీమీటరైనను లేని సందు ఒకవైపు తగ్గి, కడకు రెండును రాచుకొనును. డొప్ప మార్చవలయునని ఖాతాదారునితో నిష్కర్షగా చెప్పుము.

రెక్కలు సరిచూచుట కష్టము కాదు. మూడింటిని విప్పి ప్రక్క కిరాణా కొట్టు త్రాసు మీద విడివిడిగా తూచుము. వేర్వేరు ఫ్యానుల రెక్కలు కలగలిసినచో అక్కడనే బయటపడును. బిగించిన పిమ్మట ఒక కఱ్ఱను పై కప్పు నుండి నిలువుగా పెట్టి, ఒక్కొక్క రెక్క కొస దానియందు ఎచ్చట తగులుచున్నదో గుర్తు పెట్టుము. తేడా యున్నచో ఎక్కువ సందర్భములలో వంగినది రెక్క కాదు, దానిని పట్టియుంచు ఇనుప చేయి. కొక్కెము వద్ద రబ్బరు బుష్షు అరిగి, ఇనుము ఇనుమును తాకుచున్నదేమో తప్పక చూడుము.

మోత ఎచ్చటిదో తెలియుటకు ఒక ఉపాయము కలదు. ఫ్యాను నిండు వేగముతో తిరుగుచుండగా స్విచ్చి ఆపుము. మోత ఆ క్షణమే ఆగినచో అది కరెంటుకు సంబంధించినది, రెగ్యులేటరుదో స్టాంపింగులదో. రెక్కలు నిలుచువరకు గరగర వినబడినచో అది బేరింగుదే. ఎండిన కఱ్ఱ కొసను రాడ్డునకు ఆనించి రెండవ కొసను చెవి ప్రక్క ఎముకకు చేర్చినచో ఇంకను స్పష్టముగా వినవచ్చును. ఇనుప స్క్రూడ్రైవరుతో మాత్రము ఆ పని వలదు, రాడ్డులోనికి కరెంటు దిగియుండవచ్చును.

ఇట్లు కారణమును వెదకినవాని కథ యొకటి వినుము. స్వీడను దేశమున గోథెన్‌బర్గు నగరమందలి ఒక బట్టల మిల్లులో స్వెన్ వింగ్‌క్విస్టు అను ఇంజనీరు పనిచేయుచుండెను. అచ్చటి బంకమట్టి నేల కుంగి షాఫ్టులు వరుస తప్పుటచే బేరింగులు మాటిమాటికి పాడగుచుండగా, అతడు మార్చి ఊరకుండక కారణమును వెదకి, షాఫ్టు ఒరిగినను తాను సర్దుకొను క్రొత్త బేరింగును 1907లో కనిపెట్టెను. ఎస్.కె.ఎఫ్. కంపెనీ ఆ యేడే స్థాపింపబడినది. చిన్న అంగడిలో కూర్చుండువానికి కూడ ఆ వెదకుటయే పని యని నేను నమ్ముదును.

నీ చేతి పనిని గూర్చి ఒక్క మాట. షాఫ్టు మీదికి బేరింగు ఎక్కించునప్పుడు లోపలి వలయమునకు మాత్రమే తగులు గొట్టమును ఆనించి తట్టుము. వెలుపలి వలయము మీద సుత్తి వేసినచో ఆ దెబ్బ గుండ్ల గుండ పోయి, అవి తిరుగు దారిలో గుంటలు పడును. క్రొత్త బేరింగు మొదటి దినముననే మోగుట ఇందువలననే. సీలుగల బేరింగును కిరోసిన్‌తో కడుగుట, దానిలో గ్రీజు కూరుట మానుము. తెఱచిన రకమునకు కూడ లోపలి ఖాళీలో మూడవవంతే చాలును. నిండుగా పెట్టినచో గ్రీజు చిలుకబడి తానే వేడి పుట్టించును.

హోటలు యజమానికి ఇవన్నియు చెప్పుటకు మొగమాటపడకుము. రాడ్డు పొడవు చేసి, ఫ్యానును పెనమునకు ఎడముగా జరిపి, పొగ పోవుటకు గోడలో ఎగ్జాస్టు ఫ్యాను పెట్టుమని చెప్పుము. మూడవసారి బేరింగు వెల తీసికొనుము గాని కూలి అడుగవలదు.

అక్కయ్యకు, బావగారికి నా నమస్కారములు. ఆ పాత బేరింగు కప్పు విప్పి చూచి, లోపల గ్రీజు ఏ రంగున నున్నదో వెంటనే వ్రాయుము.

ఇట్లు,
నీ మేనమామ