చేలో పేరు తెలియని మొక్క

కృష్ణా డెల్టాలో యాభై ఏళ్లు సేద్యం చేశాను. నా చిన్నతనంలో కలుపంటే ఊడ, తుంగ, గరిక. వాటి ఆనుపానులు మాకు తెలుసు. తర్వాత వచ్చినవాటితోనే దెబ్బతిన్నాం. ఇప్పుడు సేద్యంలోకి దిగుతున్న పిల్లల కోసం ఇవి రాస్తున్నాను.

1. ముచ్చటగా ఉందని వదిలెయ్యకండి. వయ్యారిభామ మా ఊరి రోడ్డు పక్కన మొదట పది మొక్కలే. కారెట్ ఆకులాంటి ఆకు, తెల్లటి చిన్న పూలు. ఎవరం పట్టించుకోలేదు. అమెరికా ఖండపు మొక్క; మన దేశంలో 1955 ప్రాంతంలో పూణేలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. మూడేళ్లు తిరిగేసరికి మా గట్లన్నీ అదే.

2. పీకితే పూతకు ముందే పీకాలి. వాన పడ్డ మర్నాడైతే వేళ్లతో సహా వస్తుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి. మా ఆవిడ ఒట్టి చేతులతో పీకి, మెడ దాకా దద్దుర్లతో ఆ ఎండాకాలమంతా నిద్రలేక బాధపడింది. ఇప్పటికీ నాకు ఆ తప్పు గుర్తొస్తుంది. పైరు లేని బాటల పక్కన లీటరు నీళ్లకు 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టవచ్చు. చేలో మాత్రం వద్దు, నేల చెడుతుంది.

3. పూసిన మొక్కను పెంటకుప్పలో వెయ్యకండి. ఎరువుతోపాటు గింజల్నీ మీరే చేనంతా చల్లినట్టవుతుంది.

4. అన్నిటికంటే విత్తనాల సంచిని అనుమానించండి. వరి కోతకు ముందు పదునులో చల్లే మినుముకి ఒక ఏడు బయట విత్తనం కొన్నాను. జల్లించలేదు. నెల తిరక్కుండానే చేలో అక్కడక్కడ పసుపు దారాలు పరిచినట్టు కనిపించింది. బంగారు తీగ. దానికి ఆకుల్లేవు, పైరుకు చుట్టుకున్నాక సొంత వేరు కూడా ఉండదు. మినుము మొక్కలోకి సన్నటి గొట్టాల్లాంటివి దించి రసం తాగుతుంది. నేను తీగను తెంపి గట్టున పడేశాను. తెగిన ముక్క మరో మొక్కను అంటుకుంటే మళ్లీ బతుకుతుందని అప్పటికి తెలియదు. అది పట్టిన మినుము మొక్కతో సహా పీకి, చేను బయట తగలబెట్టాలి. గింజ రాలిందా, ఏళ్ల తరబడి నేలలో నిద్రపోయి లేస్తుంది.

గడ్డిజాతి పైర్లను అది పట్టదు. అందుకే వరి తర్వాత ఆ చేలో మినుము మాని మొక్కజొన్నకు మారాను.

5. పక్క చేను గట్టు మీదిదీ మనదే అనుకోండి. గాలికి, కాలవ నీటికి సరిహద్దు రాళ్లు కనపడవు.

బంగారు తీగ గింజ మినుము గింజకంటే బాగా చిన్నది, జల్లెడలో కిందికి దిగిపోతుంది. ఈ ఏడు చల్లేముందు, ఇంటి విత్తనమైనా సరే, ఒక్కసారి జల్లించండి నాయనా.