ఆదివారానికి ఒక డోరు

తమిళనాడు ధర్మపురిలో ఉద్యోగం చేసుకుంటూ, పాత అంబాసిడర్‌కు రంగు నేనే వేసుకుంటానని పూనుకున్నవారికి ముందుగా చెప్పాల్సిన మాట: బండి మొత్తం ఒకేసారి గీకెయ్యకండి. మీకు దొరికేది ఆదివారం ఒక్కటే. రంగు ఊడిన ఇనుము వచ్చే ఆదివారం దాకా ఊరుకోదు, తుప్పు మొదలెడుతుంది. 2014లో తయారీ ఆగిపోయిన బండి అది. పాడైతే కొత్త డోరు దొరకడం కష్టం.

వారానికి ఒక భాగం చాలు. పొద్దున డోరు విప్పి, పాత రంగు గీకి, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా తోమి, థిన్నర్‌ గుడ్డతో జిడ్డు తుడిచి, చీకటి పడేలోపు ఎపాక్సీ ప్రైమర్‌ కొట్టెయ్యండి. ఎండావానా తగలకుండా ఉంచితే ఆ డోరు వారాల తరబడి మీకోసం ఆగుతుంది. మళ్లీ పట్టుకున్నప్పుడు పైపైన ఒకసారి రుద్దుకోవాలి, అంతే.

ప్రైమర్‌ మీద సొట్టలకు పెట్టే లప్పం మందం రెండు మూడు మిల్లీమీటర్లు దాటుతోందంటే ఆ సొట్టకు టింకరింగ్‌ పని ఇంకా మిగిలే ఉంది. ఆరిన లప్పాన్ని 80 నంబరు, తర్వాత 180 ఉప్పుకాగితంతో, చదునైన చెక్కకు చుట్టి పొడిగానే రుద్దండి. ఇక్కడి షెడ్లలో తమిళంలో ‘ఉప్పుత్తాళ్‌’ అని అడగాలి. దుమ్ము లేవదని నీళ్లు పోసి రుద్దే అలవాటు చాలా షెడ్లలో ఉంది, నాకది నచ్చదు. లప్పం నీళ్లు పీలుస్తుంది. ఆ తేమే తర్వాత రంగు కింద బుడగలై లేస్తుంది.

లప్పం మీద సర్ఫేసర్‌ కొట్టి, అది ఆరాక నల్ల స్ప్రే పలచగా చిలకరించి, 400, 800 వాటర్‌ పేపర్లతో రుద్దండి. నలుపు మిగిలిన చోట గుంట ఉన్నట్టు. తడి పని ఇక్కడే. మన జిల్లా బోరు నీళ్ల సంగతి తెలిసిందే, ఫ్లోరైడ్‌ బాధ తట్టుకోలేకే 2013లో హొగెనకల్‌ తాగునీటి పథకం వచ్చింది. బోరు నీళ్ల ఉప్పు రేకు మీద ఆరిపోతే అదీ బుడగలకు దారే. చివరి కడుగుడుకు ఒక బకెట్‌ మంచినీళ్లు పక్కన పెట్టుకోండి.

స్ప్రే గన్‌ను పాత ఇనుప కొట్లో కొన్న బానెట్‌ మీద నేర్చుకోండి. దాన్ని నిలబెట్టే కొట్టండి, రంగు ఎప్పుడు కారుతుందో అప్పుడే తెలుస్తుంది. 1.4 మిల్లీమీటర్ల నాజిల్‌, ఆరేడు అంగుళాల దూరం. మణికట్టు తిప్పకుండా చెయ్యి మొత్తం జరగాలి. ప్రతి వరస ముందు వరసలో సగాన్ని కప్పాలి.

హార్డెనర్‌ కలిపే పీయూ (పాలీయూరిథేన్‌) రంగులు మాత్రం ఇంట్లో కొట్టకండి. వాటిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా పట్టుకోవచ్చు, ఒకసారి పట్టిందంటే జన్మంతా వదలకపోవచ్చు. గుడ్డ మాస్కూ, ఎన్‌95 ఆ ఆవిరిని ఆపలేవు. సర్ఫేసర్‌ కూడా పీయూ రకమేమో డబ్బా మీద చూసుకోండి. పైరంగు, క్లియర్‌ కోటు బూత్‌ ఉన్న షెడ్డుకు ఇచ్చెయ్యండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఎపాక్సీ కొట్టేటప్పుడైనా ఆవిరిని పీల్చే కార్ట్రిడ్జ్‌ మాస్కు ఉండాలి, షెడ్డు తలుపులు తెరిచి ఉండాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానగాలి తేమ, గన్‌ ముట్టుకోకండి. జనవరిలో మంచు విడిచాక, దుమ్ము లేవకుండా నేల తడిపి మొదలుపెట్టండి. రంగు మారుస్తుంటే ఆర్‌సీలోనూ మార్పించాలి, ఆర్‌టీఓ ఆఫీసుకు ఒక సెలవు దాచుకోండి.