ఇంటి వాల్వు ఆంప్లిఫయరు – మేలైన నాదానికి మెట్లు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల పాత ఇళ్లలో వెదికితే అటక మీదనో, బీరువా వెనుకనో ఒక వాల్వు రేడియో గాని, గ్రామఫోను పెట్టె గాని, ఒకప్పుడు పెండ్లిళ్లకూ ఉర్సులకూ బతుకమ్మ పండుగకూ అద్దెకు వెళ్లి వచ్చిన మైకు సెట్టు ఆంప్లిఫయరు గాని నేటికీ కొన్నిచోట్ల కనిపిస్తుంది. నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియోను విన్న తరానికీ, ఆ కేంద్రం 1950 ఏప్రిల్ 1న ఆల్ ఇండియా రేడియోలో చేరిన పిమ్మట తెలుగు, ఉర్దూ కార్యక్రమాలను విన్న తరానికీ ధ్వనిని అందించినవి ఈ గాజు బుడ్లే. నేడు వాటిని పాత సామాను వ్యాపారులు తూకానికి కొనిపోతున్నారు. ఇది ఒక నష్టం. వాటి విలువ తెలిసిన యువకులు కొందరు తగిన జాగ్రత్త లేక వాటిని విప్పి ప్రాణం మీదికి తెచ్చుకునే ప్రమాదం ఉన్నది. ఇది అంతకంటె పెద్ద నష్టం. ఈ రెండింటినీ నివారించవలెననే కోరికతో ఈ పాఠం వ్రాస్తున్నాము.

మేము బోధించునది తెలుగు. అయినను వాల్వుల పేర్లకు ఒక వ్యాకరణం ఉన్నదనీ, ఆ వ్యాకరణం తెలిసినవానికి సగం విద్య వచ్చినట్లేననీ గ్రహించిన తరువాత ఈ విషయం మాకు పరాయిదిగా తోచలేదు. మంచి నాదం కోరేవారు సాధారణంగా ఖరీదైన వాల్వులు కొనడంతో ప్రారంభిస్తారు. అది చివరి మెట్టు. దానికి ముందున్న మెట్లను వరుసగా చెప్పడమే మా ఉద్దేశం.

1. వాల్వు చేసే పని

శామీర్‌పేట చెరువు తూమును తలచుకొనండి. తూము తలుపును ఒక మనిషి కొద్దిగా ఎత్తి దించితే చాలు, పొలాలకు పోయే పెద్ద ప్రవాహం హెచ్చి తగ్గుతుంది. వాల్వు కూడ అటువంటిదే. వేడెక్కిన కాథోడు నుండి ఎలెక్ట్రానులు బయలుదేరుతాయి. సుమారు 250 వోల్టుల ధన విద్యుత్తు గల ప్లేటు వాటిని ఆకర్షిస్తుంది. నడుమ ఉన్న సన్నని తీగల జల్లెడకు గ్రిడ్డు అని పేరు. అదే తూము తలుపు. రికార్డు నుండి వచ్చే స్వల్పమైన సంకేతం గ్రిడ్డును కదిలిస్తే, ప్లేటు వైపు ప్రవాహం అదే రీతిగా, పెద్ద ఎత్తున కదులుతుంది. రెండు అంగాల వాల్వును ఫ్లెమింగు 1904లో నిర్మించగా, అందులో గ్రిడ్డును 1906లో చేర్చినవాడు లీ డి ఫారెస్టు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత వాల్వు క్రమంగా ఇళ్ల నుండి తప్పుకున్నది. మన దేశంలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961 నుండి రేడియో వాల్వులు తయారు చేసింది. పాత సెట్లలో ఆ ముద్ర గల వాల్వులు దొరికితే ఆశ్చర్యపడనక్కరలేదు.

2. పేరులోని వ్యాకరణం

ఐరోపా పద్ధతి పేర్లలో మొదటి అక్షరం ఫిలమెంటును తెలుపుతుంది. ‘ఈ’ అంటే 6.3 వోల్టులు. ‘యూ’ అంటే 100 మిల్లీఆంపియర్లు. ‘పీ’ అంటే 300 మిల్లీఆంపియర్లు. తరువాతి అక్షరాలు వాల్వు జాతిని చెబుతాయి. ‘సీ’ అంటే చిన్న సంకేతాలను పెంచే ట్రయోడు. రెండు ‘సీ’లుంటే ఒకే బుడ్డిలో రెండు ట్రయోడులున్నవని అర్థం. ‘ఎల్’ అంటే స్పీకరును నడిపించే పెంటోడు. ‘జెడ్’ అంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు. పేరు చివర 80 మొదలు 89 వరకు గల అంకె ఉంటే 9 కాళ్ల చిన్న వాల్వు. 30 మొదలు 39 వరకు ఉంటే 8 కాళ్ల పెద్ద వాల్వు. కనుక ఈసీసీ83, ఈఎల్84, ఈఎల్34 అనే పేర్లను విద్యార్థి ఇక స్వయంగా విప్పి చెప్పగలడు. అమెరికా పద్ధతిలో ఈసీసీ83నే 12ఏఎక్స్7 అనీ, ఈఎల్84నే 6బీక్యూ5 అనీ అంటారు.

ఇందులో ఒక్క అక్షరం మీద ప్రాణం ఆధారపడి ఉన్నది. ‘యూ’తో మొదలయ్యే వాల్వులు గల రేడియోలలో సాధారణంగా పవర్ ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. లోపలి ఇనుప చట్రం మెయిన్సు తీగలలో ఒకదానికి నేరుగా కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఆ చట్రమే 230 వోల్టుల తీగ అవుతుంది. అటువంటి సెట్టుకు ఫోను గాని, గ్రామఫోను గాని ఎన్నడూ తగిలించరాదు. మరి ‘ఈ’ వాల్వులున్నంత మాత్రాన అభయం లభించినట్లు కాదు. వాటిలోనూ కొన్నింట మెయిన్సు నుండి వేరుచేయని ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. తెలిసిన మెకానిక్కు చేత పరీక్ష చేయించిన తరువాతనే మిగిలిన మాట.

3. ప్రాణరక్షణ

ఇంటి ఆంప్లిఫయరు లోపల 250 మొదలు 400 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడ పెద్ద కండెన్సర్లలో ఈ విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. అనుభవజ్ఞుడైన మెకానిక్కు తగిన రెసిస్టరు ద్వారా దానిని ఖాళీ చేసి, మీటరుతో చూచి, ఆ పిమ్మటనే చేయి పెడతాడు. విద్యార్థి ఒంటరిగా మూత విప్పరాదు. పవర్ ట్రాన్స్‌ఫార్మరు గల ఆంప్లిఫయరుకు మూడు కాళ్ల ప్లగ్గు వేయించి, చట్రాన్ని ఎర్తుకు కలిపించాలి. ఇంటి ఎర్తు నిజంగా పని చేస్తున్నదో లేదో కూడ చూపించాలి.

ఏళ్ల తరబడి మూలపడిన సెట్టును నేరుగా కరెంటుకు పెట్టకూడదు. మన మెకానిక్కులు వాడే సీరీస్ బల్బు బోర్డు ఇందుకు చక్కని సాధనం. 60 లేక 100 వాట్ల ఫిలమెంటు బల్బు గుండా సెట్టుకు కరెంటు ఇస్తారు. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే శుభసూచన. పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్లే. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు.

4. కరెంటు నిలకడ

ఊరి చివరి లైన్లలో పంపుసెట్లు నడిచే వేళ ఒక వోల్టేజి, అవి ఆగిన వేళ మరొక వోల్టేజి ఉండడం పల్లెవాసులకు తెలియనిది కాదు. వాల్వు దీనికి మిక్కిలి సున్నితమైనది. 230 వోల్టుల వద్ద 6.3 వోల్టులు అందుకునే ఫిలమెంటుకు, కరెంటు 250 అయితే 6.85 వోల్టులు అందుతాయి. 200కు పడితే 5.48 మాత్రమే. ఎక్కువైతే వాల్వు ఆయువు తగ్గుతుంది. తక్కువైతే కాథోడు చాలినంత వేడెక్కక ధ్వని నీరసిస్తుంది. కనుక వాల్వు మార్చే ముందు సాయంకాలమొకసారి, రాత్రి ఒకసారి ఇంటి వోల్టేజిని కొలిచి వ్రాసుకోవాలి. తేడా ఎక్కువగా ఉంటే స్టెబిలైజరు అవసరం. సెట్టు వెనుక 220, 230, 250 అని గుర్తులుంటే, మన ఇంటి కరెంటుకు సరిపడు గుర్తు వద్ద తీగను కలిపించాలి.

5. గుంయి శబ్దమూ, కండెన్సర్లూ

పాత సెట్టులో వినిపించే గుంయి శబ్దాన్ని చెవితోనే రెండు విధాలుగా గుర్తించవచ్చును. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. మంద్రంగా 50 వద్ద పలికే శబ్దానికి తరచు ఫిలమెంటు తీగలో, ఎర్తు కలపడంలోని లోపమో కారణం. దానికి సరిగా ఒక స్థాయి పైన, 100 వద్ద పలికితే, రెక్టిఫయరు తరువాతి ఫిల్టరు కండెన్సర్లు ఎండిపోయినవని అనుమానించాలి. సంగీతం నేర్చినవారికి ఈ స్థాయీభేదం వెంటనే తెలుస్తుంది.

అంతకంటె ముఖ్యమైనది కప్లింగు కండెన్సరు. ఇది ముందు వాల్వు ప్లేటుకూ, వెనుక వాల్వు గ్రిడ్డుకూ మధ్య కాపలా కాస్తుంది. సంకేతాన్ని పోనిచ్చి డీసీని ఆపడం దీని పని. పాత కాగితపు కండెన్సర్లు కాలక్రమాన కారుతాయి. అప్పుడు గ్రిడ్డు మీదికి ధన విద్యుత్తు చేరి, తూము తలుపు పూర్తిగా తెరుచుకొని, ఈఎల్84 ప్లేటు ఎర్రబారుతుంది. ఆ క్షణమే సెట్టు ఆపివేయాలి. 12 వాట్లు మాత్రమే భరించగల ఆ వాల్వే కాక, దానితోపాటు ట్రాన్స్‌ఫార్మరు కూడ కాలిపోవచ్చును. చిన్న కండెన్సరు మార్పించితే బాగుపడే సెట్టును చచ్చినదని తూకానికి అమ్మడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ఇటువంటి విడిభాగాలు హైదరాబాదులో కోఠీ వద్దనున్న గుజరాతీ గల్లీలో వెదకవచ్చును.

6. స్పీకరుతో పొత్తు

ఒక ఈఎల్84 వాల్వుకు సుమారు 5,000 ఓముల భారం కావాలి. స్పీకరు 8 ఓములది. ఈ రెండింటికి పొత్తు కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. 5,000ను 8తో భాగిస్తే 625. దాని వర్గమూలం 25. అనగా ప్రైమరీలో 25 చుట్లకు సెకండరీలో ఒక చుట్టు. 8 ఓముల కొనకు 4 ఓముల స్పీకరు తగిలిస్తే వాల్వుకు కనిపించే భారం 2,500కు పడిపోయి ధ్వని చెదురుతుంది. మైకు సెట్టు ఆంప్లిఫయరులో 100 వోల్టులు అని వ్రాసిన కొన ఉంటుంది. 30 వాట్ల సెట్టులో అది సుమారు 333 ఓములకు ఏర్పడినది, హారను స్పీకర్ల దూరపు లైన్ల కొరకు ఉద్దేశించినది. ఇంటి స్పీకరును అక్కడ తగిలించి, ‘సెట్టు ఆవాజ్ చెడింది’ అనడం న్యాయం కాదు.

స్పీకరు లేకుండ వాల్వు ఆంప్లిఫయరును ఎన్నడూ మోగించరాదు. భారం లేని ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి విపరీతంగా లేచి దాని ఇన్సులేషను తెగిపోతుంది.

ఒక ఈఎల్84 ఇచ్చేది సుమారు 5 వాట్లే. అది తక్కువ కాదు. ఒక వాటుకు 87 డెసిబెల్లు పలికే స్పీకరుకు 20 వాట్లు ఇస్తే ఎంత ధ్వని వస్తుందో, 93 డెసిబెల్లు పలికే స్పీకరుకు 5 వాట్లిస్తే దాదాపు అంతే వస్తుంది. వాల్వు మీద పెట్టదలచిన డబ్బు మంచి స్పీకరు మీద పెట్టడం వివేకం.

7. గది

కొత్త కాలనీల ఇళ్లలో నున్నని టైల్సు, సిమెంటు గోడలు, అద్దాల కిటికీలు ధ్వనిని తిప్పికొడతాయి. మాట స్పష్టత పోతుంది. గజలులోని పదమైనా, పద్యంలోని యతి అయినా తెలియాలంటే నేలపై ఒక జంపఖానా, కిటికీకి దళసరి తెర, గోడకు పుస్తకాల అలమర కావాలి. స్పీకరును మూలకు నెడితే మంద్రధ్వని ఉబ్బుతుంది. గోడ నుండి రెండు మూడు అడుగులు ముందుకు జరిపి వినండి. రెండు స్పీకర్లుంటే, వాటి నడుమ ఎంత దూరమో వినేవారికీ ఒక్కొక్క స్పీకరుకూ మధ్య అంతే దూరం ఉంచాలి. ఫోను నుండి పాట వినిపించేటప్పుడు దాని ఛార్జరు తీసివేస్తే సన్నని రొద తరచు మాయమవుతుంది. ఇవన్నీ దాదాపు ఖర్చు లేని పనులు.

8. చివరి మెట్టు

పై మెట్లన్నీ ఎక్కిన తరువాత కూడ ధ్వని బలహీనంగా ఉంటే అప్పుడు వాల్వు మార్చండి. రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలో తయారైన కొత్తవి దొరుకుతున్నాయి. వాల్వు ధ్వనిలోని మార్దవాన్ని గురించి ఎన్నో కథలున్నాయి. ఒకే వాల్వు గల సెట్టు అసలు స్వరానికి పై స్థాయి స్వరాన్ని కొద్దిగా జోడిస్తుంది. అది చెవికి హితంగా ఉంటుంది. అందులో మహత్తు ఏమీ లేదు. చక్కని ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు కొలతలలో దీనిని మించగలదు. వాల్వు సెట్టు గొప్పతనం మరొకటి. దాని ప్రతి భాగాన్ని కంటితో చూడవచ్చు, పేరు చదవవచ్చు, పాడైనదానిని మార్చవచ్చు. విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠ్యగ్రంథం అరుదు.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక విన్నపం. మేడ్చల్, శామీర్‌పేట మండలాలలోని ఇళ్లలో మిగిలిన వాల్వు సెట్ల పట్టిక ఒకటి విద్యార్థుల చేత తయారు చేయించాలి. సెట్టు పేరు, వాల్వుల పేర్లు, స్పీకరు ఓములు, ఎవరి కాలంలో కొన్నారు అన్న వివరాలు తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించాలి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక మీటరు, ఒక సీరీస్ బల్బు బోర్డు ఉంచి, వయసు మళ్లిన రేడియో మెకానిక్కులను నెలకొకసారి గౌరవంగా ఆహ్వానించాలి. ఆ చేతులలోని విద్య ఏ గ్రంథంలోను పూర్తిగా లేదు. వారు ఉండగానే దానిని మన పిల్లలు అందుకుంటారని ఆశిస్తున్నాము.