ఆకాశం నుంచి పొగ లెక్క

ఎల్లమ్మది హైదరాబాద్. నాలుగు రోడ్ల కూడలిలో పండ్ల బండి పెట్టుకుంటుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా బస్సులు, లారీలు, ఆటోలు. సాయంత్రానికి కళ్లు మండుతాయి. చిన్న కొడుకుకు దగ్గు తగ్గడం లేదు.

ఒకరోజు కూతురు రాణి బడి నుంచి వచ్చింది.

"అమ్మా! పట్నం మీద ఎంత పొగ ఉందో ఆకాశం నుంచే లెక్క కడతారంట. మా సారు చెప్పిండు."

"అంత ఎత్తు నుంచి ఎట్లా తెలుస్తది బిడ్డా?" అని ఎల్లమ్మ అడిగింది.

రాణి ఇలా చెప్పింది.

సూర్యుని వెలుగు గాలిలోంచి నేల మీద పడుతుంది. నేలకు తగిలి మళ్లీ పైకి పోతుంది. బండ్ల పొగలో, ఫ్యాక్టరీల పొగలో నైట్రోజన్ డయాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. అది వెలుగులో కొన్ని రంగులను మింగేస్తుంది. ఉపగ్రహంలోని పరికరం తిరిగి వచ్చిన వెలుగును చూస్తుంది. ఏ రంగు ఎంత తగ్గిందో కొలుస్తుంది. దాన్నిబట్టి వాయువు ఎంత ఉందో లెక్క కడతారు. ఆ లెక్కతో రంగుల పటం తయారు చేస్తారు.

ఐరోపా దేశాలు 2017లో సెంటినెల్-5పి అనే ఉపగ్రహాన్ని పంపాయి. అది 824 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. బండ్లు ఆగిపోయాయి. ఢిల్లీ, ముంబయి మీద ఈ వాయువు తగ్గినట్లు ఉపగ్రహ పటాల్లో కనిపించింది.

"మరి మన వాడలో రోజూ చెత్త తగలబెడుతున్నరు. అది కూడా కనబడతదా?"

"కనబడదమ్మా. ఆ పటంలో ఒక్కో గడి కొన్ని కిలోమీటర్లు ఉంటది. మబ్బు పడితే సరిగా తెలవదు. పైగా నేల నుంచి పైదాకా ఉన్న గాలినంతా కలిపి చూస్తది. మనం పీల్చే గాలి సంగతి తెలవాలంటే నేల మీద యంత్రాలు కూడా ఉండాలె. మన సందు సంగతి మనమే చెప్పాలె."

చెత్త తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. ఆ మాట కూడా రాణి తల్లికి చెప్పింది.

ఎల్లమ్మ నోటుబుక్కు తీసింది. కూడబలుక్కుంటూ అర్జీ రాసింది.

"మున్సిపల్ అధికారి గారికి, మా వాడలో రోజూ రాత్రి చెత్త తగలబెడుతున్నారు. పిల్లలకు దగ్గు వస్తున్నది. దయచేసి ఆపించండి."

కింద తన సంతకం చేసింది. ఇరుగుపొరుగు వాళ్లు కూడా సంతకాలు పెట్టారు. మరునాడు కొడుకును ఆస్పత్రికి తీసుకుపోయింది. వచ్చేటప్పుడు అర్జీ ఇచ్చి వచ్చింది.

ఆలోచించండి – చెప్పండి

1. ఉపగ్రహం పొగను ఎలా కొలుస్తుంది?
2. దానికి కనబడనివి ఏవి?
3. మీ వాడలో పొగ ఎక్కడి నుంచి వస్తున్నది? నాలుగు వాక్యాలు రాయండి.