ల్యాప్‌టాప్‌లో వస్తుంది, సర్వర్‌లో రాదు

ప్రశ్న: ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. స్నేహితుల కోసం ఒక టెలిగ్రామ్ బాట్ రాశాను. యూట్యూబ్ లింక్ పంపితే చాలు, పాటను ఎంపీ3 చేసి తిరిగి పంపుతుంది. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. రోజంతా ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంచలేక, నెలకు కొన్ని వందలు కట్టి సర్వర్ అద్దెకు తీసుకున్నాను. అందులో పెట్టిన దగ్గర్నుంచి, బాట్ కాదని నిరూపించుకోవడానికి సైన్ ఇన్ అవ్వమని యూట్యూబ్ అంటోంది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. సర్వర్ కంపెనీ వాళ్లేమో మాకు సంబంధం లేదన్నారు. తప్పెక్కడుంది?
— విద్యార్థి, గుంటూరు

జవాబు: మీ బాట్ లోపల పనిచేసేది వీడియోలు దించే వైటీ-డీఎల్‌పీ ప్రోగ్రామే అనుకుంటాను. ముందు రెండుచోట్లా దాని వెర్షన్ ఎంతో చూడండి. ల్యాప్‌టాప్‌లో పిప్‌తో కొత్తది వేసుకుని, సర్వర్‌లో మాత్రం ఉబుంటు వాళ్లు ఇచ్చిన పాతదానితో సరిపెట్టుకునేవాళ్లు చాలామంది. యూట్యూబ్ తన ప్లేయర్‌ను తరచూ మారుస్తుంది కాబట్టి నెలల నాటి వెర్షన్ ఏ ఊళ్లోనైనా మొరాయిస్తుంది. 2025 నవంబర్ నుంచి అయితే యూట్యూబ్ పూర్తిగా పనిచేయాలంటే వైటీ-డీఎల్‌పీ పక్కన డెనో లాంటి జావాస్క్రిప్ట్ ఇంజన్ కూడా ఉండాలి. ల్యాప్‌టాప్‌లో అది ఉండి సర్వర్‌లో లేకపోవచ్చు.

అవన్నీ సరిచూశాక కూడా అదే సందేశం వస్తే, తప్పు కోడ్‌ది కాదు, అడ్రస్‌ది. లాడ్జి గది నంబరు రాసి గ్యాస్ కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టినట్టుంది మీ పరిస్థితి. మనిషి నిజమే, కాగితాలూ నిజమే, కాని కౌంటర్‌లో ఉన్నవాడు అడ్రస్ చూసి అక్కడే ఆపేస్తాడు.

ప్రతి ఐపీ అడ్రస్ ఏ సంస్థ పేరు మీద ఉందో అందరికీ కనిపించే రిజిస్టర్లు ఉన్నాయి. మన ప్రాంతానికి ఏపీనిక్, భారతదేశానికి ఐరిన్ ఆ పని చూస్తాయి. అమెజాన్ అయితే తన క్లౌడ్ అడ్రస్‌లన్నీ ఒక ఫైల్‌లో తానే ప్రచురిస్తుంది. ఫైర్‌వాల్ పెట్టుకునేవాళ్ల సౌకర్యం కోసం పెట్టిన ఫైల్ అది. మైక్రోసాఫ్ట్, గూగుల్ కూడా తమ క్లౌడ్ జాబితాలు బయటపెడతాయి. అంచనా వేయాల్సిన పని వీడియో సైట్‌కు లేనే లేదు. డేటా సెంటర్‌లో కూర్చుని సినిమా పాటలు చూసేవాళ్లు ఉండరు. కాబట్టి అక్కడి నుంచి వచ్చే అభ్యర్థన ఏదైనా ప్రోగ్రామ్ పంపిందేనని తీర్మానించేస్తారు. సర్వర్ మన దగ్గర్లో తీసుకుంటే గట్టెక్కుతామని కొందరి ఆశ. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో కూడా క్లౌడ్ రీజియన్ తెరిచింది. అక్కడ తీసుకున్నా ఫలితం ఒకటే. ఊరు మారింది గాని జాబితా మారలేదు. పైగా అద్దె సర్వర్ అడ్రస్ చేతులు మారుతూ ఉంటుంది. మీకంటే ముందు అందులో ఉన్నవాళ్లు చేసిన నిర్వాకాలు కూడా మీ ఖాతాలో ఉండొచ్చు.

ఇంటి కనెక్షన్‌ను సైట్లు అంత తేలిగ్గా ఎందుకు ఆపవంటే, అందులో దయ ఏమీ లేదు. ఐపీ నాలుగో వెర్షన్ అడ్రస్‌లు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే. అవి చాలక మొబైల్ కంపెనీలు ఒక్కో అడ్రస్ వెనుక ఎందరో కస్టమర్లను కూర్చోబెడతాయి. దాన్ని ఆపితే ప్రకటనలు చూసే అసలు ప్రేక్షకులే పోతారు. మీ సర్వర్‌ను ఆపితే పోయేది మీరొక్కరే.

కొందరు తెలివిగా ఇంకో దారి పడతారు. వీడియో ఫైల్ అసలు లింక్‌ను ఇంట్లో సంపాదించి, సర్వర్‌తో డౌన్‌లోడ్ చేయించబోతారు. యూట్యూబ్ ఇచ్చే ఆ లింక్‌లోనే అడిగినవాళ్ల ఐపీ, గడువు సమయం రెండూ రాసి ఉంటాయి. ఇంకో చోటి నుంచి తెరిస్తే సాధారణంగా 403 ఎర్రర్ చూపించి పంపేస్తుంది. కొన్ని గంటలు గడిచాక అడిగినా అంతే. ఇలాంటి ఎర్రర్ నంబర్లను కలగాపులగం చేసుకోకండి. 429 అంటే మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని, కాసేపు ఆగితే తగ్గుతుంది. 403 వస్తే లింక్‌కు కాలం చెల్లిందో, మీది కాదో చూసుకోవాలి. సైన్ ఇన్ అవ్వమందంటే మాత్రం మీ అడ్రస్ మీదే అనుమానం. ఎంత ఆగినా ఒరిగేది తక్కువ.

మీ గూగుల్ ఖాతా కుకీలు సర్వర్‌లో పెడితే పని అవుతుందని నెట్‌లో చాలామంది చెబుతారు. కొన్నాళ్లు అవుతుంది కూడా. తర్వాత ఆ ఖాతాపైనే వేటు పడొచ్చని వైటీ-డీఎల్‌పీ రాసేవాళ్లే హెచ్చరిస్తున్నారు. మీ మెయిల్, ఫొటోలు, కాలేజీ కాగితాలు ఉన్న ఖాతాను పాటల కోసం పందెం పెట్టకండి. పైగా ఆ కుకీ ఫైల్ ఎవరి చేతికి చిక్కినా మీ ఖాతా తాళం చిక్కినట్టే.

ఇక మీరు అడగని మాట ఒకటి. స్నేహితుల మధ్య మొదలైన బాట్‌కు లింక్ ఎవరైనా పంపొచ్చు. అప్పుడది పరుల పాటలు పంచే సేవ అయిపోతుంది. యూట్యూబ్-ఎంపీ3 అనే సైట్ చేసిందీ ఇదే. 2016లో రికార్డు కంపెనీలు దావా వేశాయి, 2017లో సైట్ మూతపడింది. మీ సర్వర్ పనిచేయకపోవడం మీకు మేలే చేసిందని నా అభిప్రాయం. రాసిన కోడ్ వృథా కానక్కర్లేదు. అదే బాట్‌ను మీ కాలేజీ వాళ్లు సొంతంగా రికార్డు చేసుకున్న పాఠాలకు మళ్లించండి, ఏ సైటూ అడ్డుపడదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ తెలుగు మాస్టారిని. పద్య నాటకాల రికార్డింగులు సేకరిస్తుంటాను. యూట్యూబ్‌లో ఎవరెవరో పెట్టినవి ఉన్నట్టుండి మాయమవుతున్నాయి. దాచుకుందామని మా అబ్బాయి అమెరికా నుంచి క్లౌడ్ సర్వర్ ఏర్పాటు చేశాడు. నెలనెలా డబ్బు కడుతున్నాం, ఒక్క నాటకమూ దిగడం లేదు.
— తెనాలి నుంచి ఒక పెద్దాయన

జవాబు: మాస్టారూ, ముందు ఆ సర్వర్‌కు డబ్బు కట్టడం ఆపించండి. కారణం పై జవాబులో ఉంది.

మాయమైపోతుందన్న మీ భయం మాత్రం అక్షరాలా నిజం. ఛానల్ నడిపే మనిషి పోతే, పాస్‌వర్డ్ పోతే, హార్మోనియం ముక్క మీద ఏ కంపెనీయో హక్కు తనదని ఫిర్యాదు చేస్తే, రాత్రికి రాత్రే మూడు గంటల నాటకం కనిపించదు. అందుకే మీ శ్రమంతా డౌన్‌లోడ్ మీద కాక, పెట్టిన మనిషి మీద పెట్టమంటాను. ఛానల్ వివరాల్లో మెయిలో ఫోనో ఉంటుంది. నాటక సమాజం వాళ్లే అయితే, తెనాలిలో ఉన్న మీకు ఇద్దరు ముగ్గురిని అడిగితే ఆచూకీ దొరక్కపోదు. వాళ్ల దగ్గర అసలు క్యాసెట్టో, వీసీడీనో, కెమెరా కార్డో ఉంటే దాని నుంచి కాపీ తీసుకోండి. యూట్యూబ్ ఎక్కించిన ప్రతి వీడియోనూ కుదిస్తుంది. వీహెచ్ఎస్ నుంచి వచ్చిన బొమ్మను మళ్లీ కుదిస్తే పద్యం ఆఖర్లో రాగాలాపన గరగరలాడుతుంది. అసలుది ఉండగా నకలు కోసం పాకులాడటం దండగ.

హక్కుల సంగతి కొంచెం మెలికగా ఉంటుంది. "సత్య హరిశ్చంద్రీయం" రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత హక్కు ఆయన పోయిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది కాబట్టి ఆ రచన ఇప్పుడు అందరిదీ. అయితే ఫలానా రాత్రి ఫలానా నటుడు పాడిన వన్స్‌మోర్ పద్యం మీద ఆ నటుడికి వేరే హక్కు ఉంది, అది 50 ఏళ్లు. రికార్డింగ్ చేసినవాళ్ల హక్కు ఇంకోటి. సొంతంగా విని అధ్యయనం చేసుకోవడానికి చట్టం కొంత చోటు ఇస్తుంది. మళ్లీ నలుగురికి పంచడానికి ఆ చోటు చాలదు. కాబట్టి అనుమతి ఒక్క ముక్క కాగితం మీద రాయించుకోండి. అలా అనుమతి దొరికినవాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టొచ్చు, డబ్బు అడగదు. అక్కడ పెట్టినప్పుడు నాటకం పేరు, సమాజం, ఊరు, ఏ పాత్ర ఎవరు వేశారన్నది తెలుగులో రాయడం మరిచిపోకండి. వీడియో ఎవరైనా దాస్తారు. ఆ వివరాలు మీ తరం తర్వాత చెప్పేవాళ్లు ఉండరు.

ప్రశ్న: హాస్టల్‌లో ఉంటున్నాను. మన వాడకం పోగా మిగిలిన ఇంటర్నెట్‌ను "పంచుకుంటే" నెలనెలా డాలర్లు ఇస్తామని ఒక యాప్ వచ్చింది. రూమ్మేట్లు అందరూ వేసుకున్నారు. నష్టమేమైనా ఉందా?
— హైదరాబాద్

జవాబు: ఉంది. వాళ్లు కొంటున్నది మీ డేటా కాదమ్మా, మీ అడ్రస్. సర్వర్ల నుంచి వెళ్తే సైట్లు తలుపు తీయడం లేదు గనక ఇళ్ల ఐపీలకు గిరాకీ వచ్చింది. మీ ఫోన్ మీదుగా ఎవరో ఏదో సైట్‌కు వెళ్తారు. ఆ సైట్ రికార్డులో పడేది మీ హాస్టల్ కనెక్షనే. వెళ్లినవాడు వీడియోలే దించుకుంటాడో, బ్యాంకు ఖాతాలే తెరుస్తాడో మీకు తెలిసే దారి లేదు.

2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే ముఠా వలను ఛేదించింది. ఉచిత వీపీఎన్ యాప్‌ల ముసుగులో జనం కంప్యూటర్లలోకి దూరి, 190కి పైగా దేశాల్లో కోటి తొంభై లక్షల ఐపీ అడ్రస్‌లను మోసగాళ్లకు అద్దెకిచ్చారని చెప్పింది. ఆ కంప్యూటర్ల యజమానులకు విషయమే తెలియదు. మీ యాప్ డబ్బిచ్చి, అడిగి మరీ తీసుకుంటోంది, అంతే తేడా. రేపు సైబర్ క్రైమ్ పోలీసులు ఐపీ పట్టుకుని వస్తే, ఒప్పుకుని పెట్టానని చెప్పడం తెలియదని చెప్పడం కంటే కష్టం. యాప్ తీసేయండి, రూమ్మేట్ల చేత కూడా తీయించండి. వైఫై ఒకటే అయితే వాళ్ల అడ్రసూ మీదే.

ప్రశ్న: అందరూ ఉచితంగా చూసే వీడియోను నా ప్రోగ్రామ్ చూస్తే తప్పేమిటి? గూగుల్ మాత్రం ప్రపంచంలోని సైట్లన్నీ తన ప్రోగ్రాములతోనే చదువుతోంది కదా!
— వరంగల్

జవాబు: మీ రెండో వాక్యానికి నా దగ్గర ఎదురు లేదు. అదే కంపెనీ ఒక చేత్తో చదువుతూ ఇంకో చేత్తో తలుపు వేసుకుంటోంది. అయినా తలుపు వేయడానికి కారణాలు ఊహించలేనివి కావు. ఓపెన్ఏఐ పది లక్షల గంటలకు మించి యూట్యూబ్ వీడియోలను అక్షరాల్లోకి మార్చి తన మోడల్‌కు నేర్పిందని 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అదే ఏడు జూలైలో ఇంకో పరిశోధనా కథనం, 1,73,536 వీడియోల సబ్‌టైటిల్స్‌ను ఏఐ కంపెనీలు వాడుకున్నట్టు బయటపెట్టింది. అలా పోయినవి గూగుల్ కష్టపడి తీసిన వీడియోలు కావు. వంటలు చేసేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు తీసినవి. ఈ కట్టడితో వాళ్లకు ఒక్క రూపాయి అదనంగా వచ్చిందా అంటే, నాకైతే కనిపించలేదు. పెద్ద కంపెనీకి వెయ్యి దారులుంటాయి. తలుపు దగ్గర ఆగిపోయేది గుంటూరు కుర్రాడు, తెనాలి మాస్టారు. నిబంధన న్యాయమా అంటే సగమే న్యాయం. దాటితే పోయేది ఎవరి ఖాతా అంటే మాత్రం మీదే.

ప్రశ్న: ఛానల్ నాదే. నా వీడియోలే నా సర్వర్‌లోకి దించుకోవాలంటే కూడా ఇదే గోలా?
— విశాఖపట్నం

జవాబు: మీకు ఆ గోల అక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియోలో ఒక్కొక్కటి దించుకోవచ్చు, కాని వచ్చేది కుదించిన కాపీ. మొత్తం కావాలంటే గూగుల్ టేకౌట్‌కు వెళ్లి యూట్యూబ్ ఒక్కటే ఎంచుకోండి. సాధారణంగా మీరు ఎక్కించిన అసలు ఫైళ్లు వస్తాయి. యూట్యూబ్ ఏపీఐ తాళం తీసుకుంటే వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది పేర్లు, వివరాలు, లెక్కలు ఇస్తుంది గాని వీడియో ఫైల్ ఇవ్వదు. టేకౌట్‌లో ఫైళ్లను నేరుగా డ్రైవ్‌లోకో, డ్రాప్‌బాక్స్‌లోకో పంపే వీలుంది. అక్కడి నుంచి ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రామ్‌తో సర్వర్‌కు తెచ్చుకోండి. పెద్ద ఛానల్ అయితే సిద్ధం కావడానికి రోజులు పట్టొచ్చు, లింక్ వచ్చాక గడువులోగా దించుకోవాలి. డ్రైవ్‌లో చోటుందో లేదో ముందే చూసుకోండి.